వేప్ సీసాలో ఉన్నది వేరు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది వేరు

“అది పొగ కాదక్కా, ఉత్త నీటి ఆవిరి.” వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్, దాని మాట వచ్చినప్పుడల్లా మా చుట్టాల్లో కాలేజీకి వెళ్లే పిల్లలు నాకు చెప్పే సమాధానం ఇది. కాస్త నెట్‌లో చదివిన వాడైతే “అందులో ఉన్నవన్నీ ఫుడ్ గ్రేడే, కేకుల్లో వేసేవే” అని కూడా కలుపుతాడు. నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. వేప్ ద్రవంలో ఎక్కువ భాగం ఉండే రెండు పదార్థాలూ మా దగ్గరికి డ్రమ్ముల్లో వస్తాయి, వాటి శాంపిళ్లు పరీక్షించడం మా రోజువారీ పని. అందుకే ఈ “ఫుడ్ గ్రేడ్” అనే మాట వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు. ఆ మాటలో అబద్ధం లేదు, కానీ దాన్ని చెప్పకూడని చోట చెప్తున్నారు. తినడానికి పనికొస్తుందని తేలిన వస్తువు వేడిచేసి పీల్చడానికి పనికొస్తుందని ఎవరూ తేల్చలేదు. ఈ పోస్టంతా దాని గురించే.

ముందు ఆ నీటి ఆవిరి సంగతి. వేప్ నుంచి వచ్చే తెల్లటి మబ్బులో నీళ్లు ఉంటే గింటే కొంచెం. అది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే రెండు ద్రవాల సన్నటి తుంపర. లోపల చిన్న తీగచుట్ట, దాన్నే కాయిల్ అంటారు, దాని చుట్టూనో మధ్యలోనో దూది. దూది ద్రవాన్ని పీల్చుకుంటుంది, బ్యాటరీ తీగను కాలుస్తుంది, ద్రవం మరిగి పైకి లేస్తుంది, వెంటనే చల్లబడి కంటికి కనపడనంత చిన్న బిందువులుగా మారుతుంది. ఆ బిందువులు ఎంత చిన్నవంటే ఊపిరితిత్తుల్లో చిట్టచివరి గాలిగదుల దాకా వెళ్లిపోతాయి. ప్రొపిలీన్ గ్లైకాల్ పల్చగా ఉంటుంది, ఫ్లేవర్‌ని బాగా మోస్తుంది, గొంతులో ఆ పట్టు ఇస్తుంది. గ్లిజరిన్ చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది, మబ్బు దట్టంగా రావాలంటే అది ఎక్కువ ఉండాలి. సగం సగం కలిపేవాళ్లు ఉన్నారు, డెబ్బై ముప్పై కలిపేవాళ్లు ఉన్నారు. రెండిటికీ నీటిని లాక్కునే గుణం ఉంది, అందుకే వేప్ తాగేవాళ్లకి గొంతు, నోరు ఊరికే ఎండిపోతూ ఉంటాయి. ఈ రెండూ కాకుండా నికోటిన్, ఫ్లేవర్లు, కొన్నిట్లో తీపి కోసం సుక్రలోజ్, చల్లదనం కోసం మెంథాల్ లాంటివి. అంతే, చూడటానికి పెద్ద లిస్టేమీ కాదు.

ఇక మా డ్రమ్ముల సంగతి చెప్తాను, ఎందుకంటే పేరు ఒకటే అయినా సరుకు ఒకటే కాదని తెలిసేది అక్కడే. ప్రొపిలీన్ గ్లైకాల్ డ్రమ్ము గోడౌన్‌లోకి రాగానే దాని మీద క్వారంటైన్ లేబుల్ పడుతుంది. శాంపిలింగ్ రూమ్‌లో మూత తీసి, పొడవాటి గొట్టంతో శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపుతారు. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది, వాసన లేదు. మేం దాన్ని గ్యాస్ క్రొమటోగ్రఫీలో పెట్టి ముఖ్యంగా చూసేది రెండు దొంగల కోసం: డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్. ఇవి రంగు, రుచి, చిక్కదనంలో అసలుదానికి చాలా దగ్గరగా ఉండే విషాలు, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మందుల ప్రమాణాలు రాసి ఉండే ఫార్మకోపియా ప్రకారం ఒక్కోటి 0.10 శాతం దాటకూడదు. దాటితే ఆ సరుకు రిజెక్ట్, మరో మాట లేదు. 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో చిన్నపిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందులు గుర్తున్నాయా? వాటిలో దొరికింది ఈ డైఇథిలీన్ గ్లైకాలే. లైసెన్సు ఉన్న కంపెనీలో, ఇన్స్‌పెక్టర్లు తిరిగే చోట, పరీక్ష రాసిపెట్టి ఉన్న చోట జరిగిన ఘోరం అది. వేప్ ద్రవంలో ఇది ఎప్పుడూ దొరకలేదా అంటే, దొరికింది. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ రెండు బ్రాండ్లకు చెందిన 18 క్యాట్రిడ్జ్‌లను పరీక్షిస్తే ఒకదాంట్లో సుమారు 1 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ కనిపించింది. మా పరిమితికి పదింతలు. మన దగ్గర పాన్‌షాపు వెనకనుంచో ఇన్‌స్టాగ్రామ్ మెసేజ్‌లోనో కొనే సీసాకి ఈ పరీక్ష చేసిన వాళ్లెవరు? బ్యాచ్ నంబర్ ఏది? అనలిసిస్ సర్టిఫికెట్ ఏది?

నికోటిన్ దగ్గరికి వస్తే నాకు మా ఊరు గుర్తొస్తుంది. మాది ప్రకాశం జిల్లా, పొగాకు ఆకు కాల్చే బ్యారన్ల మధ్య పెరిగినవాళ్లం. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల పేర్లు వింటూ పెరిగాం. పచ్చాకు కోసే కూలీల చేతులు సాయంత్రానికి నల్లటి జిగురు పట్టి ఉండేవి, సబ్బుకి ఒక పట్టాన వదిలేది కాదు. పొద్దున్నే మంచు పడిన ఆకు కోసినవాళ్లకి తల తిరగడం, వాంతులు, అన్నం సహించకపోవడం మామూలుగా వినేవాళ్లం, ఎండదెబ్బ అనో పైత్యం అనో అనుకునేవాళ్లు. వైద్యంలో దానికి పచ్చి పొగాకు జబ్బు అని పేరు ఉంది. తడి ఆకు మీది నికోటిన్ చర్మం గుండా రక్తంలోకి వెళ్లడం వల్ల వచ్చేది. ఒక్క బీడీ కూడా తాగని ఆడవాళ్లకి వచ్చేది. నికోటిన్ చర్మంలోంచి కూడా దూరిపోతుందని నాకు పుస్తకం చెప్పకముందే ఆ చేతులు చెప్పాయి. ఇంకో సంగతి, నికోటిన్ సల్ఫేట్ ఒకప్పుడు పురుగుమందు. మన దేశంలో దాన్ని పొలాల్లో వాడటం నిషేధం, ఎగుమతి కోసం తయారు చేసుకోవచ్చు అంతే. పురుగులమీద కొట్టడానికే వద్దన్న పదార్థాన్ని మామిడి రుచి కలిపి పీలుస్తున్నారు పిల్లలు.

నికోటిన్ లెక్క చాలామందికి తెలియదు, వేప్ వాడేవాళ్లకి కూడా. లేబుల్ మీద 5 శాతం అని ఉంటే సుమారుగా ఒక మిల్లీలీటరులో 50 మిల్లీగ్రాముల నికోటిన్ అని. 2 మిల్లీలీటర్లు పట్టే చిన్న పాడ్ అయితే 100 మిల్లీగ్రాములు. ఇప్పుడొచ్చే, వాడి పారేసే పెద్ద డిస్పోజబుల్స్‌లో 10 మిల్లీలీటర్ల ద్రవం ఉంటే 500 మిల్లీగ్రాములు, చేతిలో పట్టేంత డబ్బాలో. ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి చేరేది సుమారు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. వేప్‌లో ఉన్న నికోటిన్ ఎంత లోపలికి వెళ్తుందనేది ఎలా పీలుస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది, అయినా లెక్క మీకే అర్థమవుతుంది. యూరప్‌లో చట్టం ప్రకారం మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు, రీఫిల్ సీసా 10 మిల్లీలీటర్లకి మించకూడదు, ట్యాంకు 2 మిల్లీలీటర్లకి మించకూడదు. అమెరికాలో 2015లో మార్కెట్‌లోకి వచ్చిన జూల్ అనే వేప్ బ్రాండ్ మాత్రం మిల్లీలీటరుకి 59 మిల్లీగ్రాములతో వచ్చింది, మూడేళ్లు తిరిగేసరికి 2018 డిసెంబర్‌లో పిల్లల్లో వేపింగ్ ఒక అంటువ్యాధిలా పాకిందని ఆ దేశపు ప్రజారోగ్య పెద్ద డాక్టర్ అయిన సర్జన్ జనరల్ ప్రకటన చేయాల్సి వచ్చింది.

అంత ఘాటు ద్రవాన్ని పదహారేళ్ల పిల్లాడు దగ్గకుండా ఎలా పీల్చగలిగాడు? ఇక్కడే కెమిస్ట్రీ ఉంది. మామూలు నికోటిన్ క్షారం, గొంతుని కోసేస్తుంది, ఆ కోతే ఒక రకంగా కాపలా, ఎక్కువ పీల్చనివ్వదు. దానికి బెంజోయిక్ యాసిడ్ కలిపారు. పచ్చళ్లలో, సాస్‌లలో నిల్వకోసం వాడే సోడియం బెంజోయేట్‌కి మూలమైన యాసిడే. యాసిడ్, క్షారం కలిసి లవణం అయ్యాయి, దాన్నే సాల్ట్ నిక్ అంటారు. ఘాటు తగ్గిపోయింది, డోసు మాత్రం పెరిగింది. కాపలా తీసేసి తలుపు బార్లా తెరిచినట్టయింది. ఇరవై ఐదేళ్ల వయసు వచ్చేదాకా మెదడు ఇంకా కుదురుకుంటూనే ఉంటుంది, ఆ వయసులో నికోటిన్ అలవాటు పడితే ఏకాగ్రత, నేర్చుకునే శక్తి, కోపతాపాల అదుపు దెబ్బతింటాయి, అలవాటు కూడా పెద్దవాళ్లకంటే గట్టిగా పడుతుంది. “పరీక్షల టెన్షన్ తగ్గడానికి తాగుతున్నా” అని చెప్పే పిల్లలు గమనించనిది ఒకటి ఉంది. నికోటిన్ రక్తంలో రెండు గంటల్లో సగానికి పడిపోతుంది, అది పడిపోతున్నప్పుడు వచ్చే చిరాకునే వాళ్లు టెన్షన్ అనుకుంటున్నారు. మళ్లీ పీలిస్తే తగ్గుతుంది, రెండు గంటలకి మళ్లీ మొదలు.

ఇప్పుడు ఫ్లేవర్లు. ఈ పోస్టు రాయాలనిపించిందే వీటివల్ల. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, జాస్పర్ అనే ఊళ్లో మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే ఫ్యాక్టరీలో ఒకప్పుడు పనిచేసిన ఎనిమిది మందికి ఒకే అరుదైన ఊపిరితిత్తుల జబ్బు ఉందని బయటపడింది. బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్ అంటారు. ఊపిరితిత్తుల్లో అతి సన్నటి గాలిగొట్టాలు మచ్చలు పడి మూసుకుపోతాయి, మళ్లీ తెరుచుకోవు, మందు లేదు, కొందరికి ఊపిరితిత్తులు మార్చడమే మార్గం. కారణం ఏమిటని వెతికితే వెన్న వాసన కోసం కలిపే డయాసిటైల్ దొరికింది. నిజమైన వెన్నలో కూడా అది సహజంగా ఉంటుంది. ఆ పాప్‌కార్న్ తిన్న కోట్లమందికి దానివల్ల ఏమీ కాలేదు. మరిగే నూనె తొట్టిలో ఫ్లేవర్ కలుపుతూ ఆ ఆవిరిని పీల్చినవాళ్లకి ఊపిరి పోయింది. పదార్థం అదే, దారి మారింది. కడుపుకి ఆమ్లం ఉంది, పేగులు ఉన్నాయి, ఆ తర్వాత కాలేయం ఉంది, వచ్చినదాన్ని విరగ్గొట్టి, వడగట్టి పంపడానికి ఇన్ని అంచెలు. ఊపిరితిత్తికి రక్తానికి మధ్య అతి పల్చటి పొర ఒక్కటే అడ్డం.

ఆ తర్వాత పదిహేనేళ్లకి, 2015లో, హార్వర్డ్ వాళ్లు మార్కెట్లో దొరికే 51 రకాల ఫ్లేవర్ల ఈ-సిగరెట్లు తెచ్చి పరీక్షిస్తే 39 రకాల్లో డయాసిటైల్ కనిపించింది. బ్రిటన్ 2016 నుంచి వేప్ ద్రవాల్లో దాన్ని వాడకుండా ఆపేసింది. ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. సిగరెట్ పొగలో కూడా డయాసిటైల్ ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుంది, కాబట్టి వేప్ తాగిన ప్రతివాడికీ ఆ జబ్బు వచ్చేస్తుందని వాట్సాప్‌లో తిరిగే ఫార్వర్డ్‌లు నమ్మకండి. నేను చెప్పేది చిన్న విషయం, ఫ్లేవర్లకి ఉన్న సేఫ్ అనే ముద్ర తిండికి ఇచ్చినది. అమెరికాలో ఫ్లేవర్లు తయారుచేసే కంపెనీల సంఘమే ఆ మాట బాహాటంగా చెప్పింది, మేం పరిశీలించింది తినడం గురించే, ఈ-సిగరెట్‌లో పీల్చడం గురించి కాదు అని. అమ్మేవాళ్ల సంఘమే ఒప్పుకున్న తర్వాత పాన్‌షాపు కుర్రాడు ఫుడ్ గ్రేడ్ అంటే ఏం విలువ?

మిగతావి కూడా అలాంటివే. దాల్చినచెక్క రుచికి సిన్నమాల్డిహైడ్ వాడతారు. గాలిగొట్టాల లోపల సన్నటి కేశాలు దుమ్మునీ కఫాన్నీ పైకి ఊడ్చి తోస్తూ ఉంటాయి, ల్యాబ్‌లో మనిషి గాలిగొట్టాల కణాల మీద పరీక్షిస్తే ఈ పదార్థం ఆ కేశాల కదలికను నెమ్మదించేలా చేసింది. వెనీలాకి వెనిలిన్, చెర్రీ, బాదం రుచికి బెంజాల్డిహైడ్. ఇవన్నీ ఆల్డిహైడ్లు. ఆల్డిహైడ్‌ని గ్లైకాల్‌తో కలిపి పెడితే ఏమవుతుందో ఎమ్మెస్సీ ఆర్గానిక్ చదివిన ఎవరినైనా అడగండి, ఎసిటల్ వస్తుంది. 2018లో యేల్ యూనివర్సిటీ వాళ్లు సరిగ్గా ఇదే చూపించారు. సీసాలో కలిపి అలా అల్మరాలో పెట్టినా, వేడి చేయకుండానే, ఫ్లేవర్ కొంత ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిసి కొత్త పదార్థంగా మారిపోతోంది, ఆ కొత్త పదార్థాలు గొంతులోని మంట తెలిపే నరాలను అసలు ఫ్లేవర్‌కంటే గట్టిగా రెచ్చగొడుతున్నాయి. అంటే లేబుల్ నిజాయితీగా రాసినా, మీరు కొనేసరికి లోపల ఉన్నది ఆ లేబుల్ మీద ఉన్నది మాత్రమే కాదు.

2019 వేసవిలో అమెరికాలో జరిగింది అయితే మరీ దారుణం. విస్కాన్సిన్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు ఒక్కసారిగా ఆయాసం, దగ్గు, ఛాతీ నొప్పి, వాంతులు, జ్వరంతో ఆస్పత్రుల్లో చేరారు. స్కాన్‌లో రెండు ఊపిరితిత్తులూ మసకబారి ఉన్నాయి, యాంటీబయాటిక్స్‌కి లొంగలేదు, ఇన్ఫెక్షన్ దొరకలేదు. అందరూ వేప్ వాడినవాళ్లే. దానికి ఈవాలీ అని పేరు పెట్టారు. 2020 ఫిబ్రవరి 18 నాటికి ఆస్పత్రిపాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2,807 కేసులు, అందులో మరణాలు 68. ఊపిరితిత్తుల్లోంచి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తే 51 మంది రోగుల్లో 48 మందిలో విటమిన్ ఇ అసిటేట్ దొరికింది, పోల్చడానికి తీసుకున్న ఆరోగ్యవంతుల్లో ఒక్కరిలోనూ లేదు. అది గంజాయిలోని మత్తు పదార్థం ఉన్న నూనెని చిక్కగా కనపడేలా చేయడానికి దొంగ మార్కెట్ వాళ్లు కలిపిన కల్తీ. మామూలు నికోటిన్ ద్రవాలు ఈ జబ్బుకి ముఖ్య కారణం కాదు, ఆ తేడా తెలిసి ఉండాలి. కానీ విటమిన్ ఇ అసిటేట్ అంటే ఏమిటి? మనం మొహానికి రాసుకునే క్రీముల్లో ఉండేదే, మింగే విటమిన్ బిళ్లల్లో ఉండేదే. రాసుకుంటే మంచిది, మింగితే హానిలేదు, వేడిచేసి పీలిస్తే అరవై ఎనిమిది ఇళ్లల్లో మనిషి లేడు.

వేడి అన్నాను కదా, అది ఇంకో కథ. గ్లిజరిన్‌ని బాగా కాలిస్తే ఎక్రోలిన్ వస్తుంది. మీకు ఎక్రోలిన్ తెలుసు, పేరు తెలియదంతే. పండగ పూట గారెలు వేస్తూ ఫోన్ వస్తే పక్కకెళ్లి, తిరిగొచ్చేసరికి బాండీలో నూనె పొగలు చిమ్ముతూ, కళ్లు మండి, గొంతు పట్టేసి, ఇల్లంతా దగ్గుతూ కిటికీలు తీస్తామే, ఆ ఘాటులో ఉన్నది అదే. నూనె కాలినప్పుడు అందులోని గ్లిజరిన్ భాగమే విరిగి అలా మారుతుంది. వేప్‌లో కూడా గ్లిజరినే కాలేది. దానితోపాటు ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ కూడా పుడతాయి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని డబ్ల్యూహెచ్‌ఓకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది, మార్చురీల్లో శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ దాని నీటి ద్రావణమే. 2015లో పోర్ట్‌ల్యాండ్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు బ్యాటరీ వోల్టేజ్ ఎక్కువ పెడితే ఫార్మాల్డిహైడ్‌ని విడుదల చేసే పదార్థాలు బాగా పుడుతున్నాయని, తక్కువ పెడితే దొరకలేదని ప్రకటిస్తే పెద్ద గొడవైంది. అంత వేడిలో దూది ఎండి మాడు రుచి వస్తుంది, ఏ మనిషీ అలా పీల్చడు అని కొందరు శాస్త్రవేత్తలు కాదన్నారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది, నేను కాదనను. మంచి పరికరంలో, దూది తడిగా ఉండగా, తక్కువ వేడిలో ఈ ఆల్డిహైడ్లు సిగరెట్‌తో పోలిస్తే బాగా తక్కువే వస్తాయి. నా బాధ ఏమిటంటే, మన పిల్లల చేతుల్లో ఉన్నది ఏ పరికరం? కాయిల్ ఎంత వేడెక్కుతుందో రాసి ఉండని, ద్రవం అయిపోవచ్చినా పారేయడానికి మనసొప్పక ఆఖరి చుక్కదాకా లాగే చౌక డబ్బా. మాడు వాసన వచ్చినా ఇంకో రెండు దమ్ములు లాగేవాళ్లని నేనే చూశాను.

లోహాల సంగతి వినండి, సీసా వేరు పీల్చేది వేరు అనడానికి ఇంతకంటే సూటి రుజువు లేదు. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2018లో 56 మంది వేప్ వాడకందార్ల పరికరాలు తీసుకుని మూడు చోట్ల కొలిచారు: రీఫిల్ సీసాలో, పరికరం ట్యాంకులో, బయటికొచ్చే తుంపరలో. సీసాలో లోహాలు దాదాపు లేవు. అదే ద్రవం కాయిల్ తగిలిన ట్యాంకులో ఉండేసరికి సీసం, నికెల్, క్రోమియం లాంటివి ఎన్నో రెట్లు పెరిగాయి, తుంపరలో కూడా వచ్చాయి. తీగ నుంచి, అతుకుల నుంచి కరిగి వచ్చినవి అవి. 2025లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్ వాళ్లు డిస్పోజబుల్స్‌ని చూస్తే పరిస్థితి ఇంకా ఘోరం, వాటిలో ఒకటి ఒక రోజు వాడకంలో వదిలిన సీసం దాదాపు 20 ప్యాకెట్ల సిగరెట్ల కంటే ఎక్కువ. పిల్లల మెదడుకి సీసం ఏ మోతాదులోనూ మంచిది కాదు, ఇందులో రెండో అభిప్రాయం లేదు.

“మరి ఇంగ్లాండ్‌లో డాక్టర్లే వేప్ తాగమంటారు కదా” అని అడుగుతారు, లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకునే మనవాళ్లు ముఖ్యంగా. నిజమే. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో సిగరెట్ కంటే ఇవి 95 శాతం తక్కువ హానికరం అని చెప్పింది, అది నిపుణుల అంచనా. 2019లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో ఈ-సిగరెట్ ఇచ్చినవాళ్లలో 18 శాతం మంది ఏడాది తర్వాత సిగరెట్‌కి దూరంగా ఉన్నారు, నికోటిన్ ప్యాచ్‌లు, గమ్‌లు ఇచ్చినవాళ్లలో 9.9 శాతం. ముప్పై ఏళ్లు రోజుకి ప్యాకెట్ తాగిన మనిషికి అది నిజంగా మేలే, దాన్ని చిన్నచూపు చూడకూడదు. కాకపోతే అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది. అలా మానినవాళ్లలో ఈ-సిగరెట్ వర్గంలో 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా వేప్ వాడుతూనే ఉన్నారు, ప్యాచ్ గమ్ వర్గంలో 9 శాతం మందే వాటితో ఉన్నారు. పైగా అక్కడ దొరికే ద్రవానికి నికోటిన్ పరిమితి ఉంది, డయాసిటైల్ లేదు, ప్రభుత్వానికి ముందే లిస్టు ఇవ్వాలి. అంత పద్ధతి ఉన్న దేశం కూడా డిస్పోజబుల్స్ అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి ఆపేసింది. సిగరెట్ అసలు ముట్టని పద్దెనిమిదేళ్ల అమ్మాయి “ఇంగ్లాండ్‌లో ఓకే” అంటే ఆ పోలిక ఎక్కడా అతకదు. తను సిగరెట్ నుంచి తగ్గడం లేదు, ఏమీ లేని చోటనుంచి ఎక్కుతోంది.

మన దేశంలో 2019 సెప్టెంబర్ 18న నిర్మలా సీతారామన్ కేబినెట్ నిర్ణయం ప్రకటించారు, ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది డిసెంబర్‌లో చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ఆన్‌లైన్ అమ్మకం, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల దాకా జరిమానా లేదా రెండూ. చట్టం నాకు ఇష్టమే, ఎత్తేయమని నేను అనను. కానీ చట్టం ఉన్నా సరుకు ఆగలేదు, హైదరాబాద్‌లో పట్టుబడ్డ వార్తలు వస్తూనే ఉన్నాయి. దీని అర్థం తల్లిదండ్రులు తెలుసుకోవాలి: మన దగ్గర ఉన్న ప్రతి వేప్ దొంగ సరుకే. దాని మీద ఏ బ్రాండు పేరు ఉన్నా, నికోటిన్ సున్నా అని రాసి ఉన్నా, ఆ రాతకి బాధ్యుడు లేడు. నియమాలు ఉన్న దేశాల్లోనే సున్నా అని రాసిన సీసాల్లో నికోటిన్ దొరికింది, మన సంగతి చెప్పాలా.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇది మాత్రం తప్పక చదవండి. మామిడి, స్ట్రాబెర్రీ వాసన వచ్చే రంగుల సీసా రెండేళ్ల పిల్లకి జ్యూస్ లాంటిదే. 2014 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పిల్లాడు ద్రవ నికోటిన్ మింగి చనిపోయాడు, ఆ తర్వాతే పిల్లలు తీయలేని మూతలు తప్పనిసరి చేస్తూ అక్కడ చట్టం వచ్చింది. మింగితే మొదట వాంతులు, చెమటలు, మొహం పాలిపోవడం, గుండె దడ, ఆ తర్వాత ఫిట్స్, ఊపిరి అందకపోవడం. వాంతి చేయించే ప్రయత్నాలు, మజ్జిగ పోయడాలు వద్దు, సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. ఒంటి మీద ఒలికితే బట్టలు తీసేసి సబ్బు, నీళ్లతో బాగా కడగండి, ఎందుకో పైన పొగాకు చేల దగ్గర చెప్పాను.

మానాలనుకునేవాళ్లకి దారి ఉంది. నికోటిన్ గమ్‌లు, ప్యాచ్‌లు డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సుతో తయారయ్యేవి, ఈ నిషేధం వాటికి వర్తించదు. 2 మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో దొరుకుతుంది. వాటికి బ్యాచ్ నంబర్ ఉంటుంది, ఎక్స్‌పైరీ ఉంటుంది, నాలాంటి వాళ్లెవరో కూర్చుని పరీక్షించి సంతకం పెట్టి ఉంటారు. ఎంత వాడాలో డాక్టర్‌ని అడిగి వాడండి, బిడ్డ వయసు పద్దెనిమిది లోపయితే అడగకుండా మొదలుపెట్టొద్దు. 1800-11-2356 ప్రభుత్వ క్విట్‌లైన్, సిగరెట్ ప్యాకెట్ల మీద ఉండే నంబరే, ఉచితం. పిల్లాడు వేప్ తాగుతున్నాడని తెలిస్తే కొట్టి, ఫోన్ లాక్కుని ఊరుకుంటే వాడు దాచడం నేర్చుకుంటాడు తప్ప వాడి ఒళ్లు నికోటిన్ అడగడం మానదు, మొదటి వారం పది రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి, అప్పుడు పక్కన ఉండండి.

వేప్ వాడేవాళ్లకి ఆగని దగ్గు, ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే డాక్టర్ దగ్గర దాచకండి. మన డాక్టర్లు సిగరెట్, మందు అలవాటు ఉందా అని అడుగుతారు, వేప్ ఉందా అని చాలామంది అడగరు. 2019లో అమెరికాలో కూడా రోగులు నోరు విప్పి చెప్పాకే ముడి వీడింది. అమ్మానాన్నల ముందు చెప్పలేకపోతే వాళ్లని కాసేపు బయట కూర్చోమనండి, ఏ రకం వాడారు, ఎప్పటినుంచి, అందులో గంజాయి నూనె ఏమైనా ఉందా అన్నీ చెప్పండి, వీలైతే ఆ డబ్బా కూడా తీసుకెళ్లండి.